కౌజుల దాణాలో తవుడు, నువ్వుల చెక్క పెంచాక గుడ్లు ఎందుకు తగ్గాయి?

ప్రశ్న: కౌజుగూడు

అందరికీ నమస్కారం. గుడ్ల కోసం 400 జపనీస్ కౌజు పెట్టలను పెంచుతున్నాను. వాటి వయసు ఇప్పుడు 20 వారాలు. దాణాను నేనే కలుపుకుంటాను. మొదట్లో 100 కిలోల దాణాకు 52 కిలోల మొక్కజొన్న, 33 కిలోల సోయా చెక్క, 5 కిలోల తవుడు వేసేవాణ్ని. మిగిలిన 10 కిలోలలో 6 కిలోల సున్నపురాయి పొడి, కిలోన్నర డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్), కిలోన్నర నూనె, ఉప్పు, విటమిన్లు–ఖనిజాల ప్రీమిక్స్, 150 గ్రాముల మిథియోనిన్ (ఒక అమైనో ఆమ్లం) ఉండేవి. ఆ దాణా తిన్నంతకాలం రోజుకు 320 గుడ్లకు అటూ ఇటూగా వచ్చేవి.

మొక్కజొన్న, సోయా రెండూ ప్రియమవుతూ ఉండటంతో, నాకు సులువుగా దొరికే తవుడును 25 కిలోలకు పెంచి, కొత్తగా 15 కిలోల నువ్వుల చెక్క చేర్చాను. ఆ మేరకు మొక్కజొన్నను 32 కిలోలకు, సోయాను 18 కిలోలకు తగ్గించాను. మార్చేముందు ప్రోటీన్ లెక్క కట్టుకున్నాను. పాత దాణాలో 20 శాతానికి కాస్త తక్కువగా ఉంటే కొత్తదానిలో పందొమ్మిదిన్నర శాతం వచ్చింది. ఆ అరశాతం తేడాతో ఇబ్బంది ఉండదనుకున్నాను.

రెండు వారాలు ఏ తేడా కనబడలేదు. మూడో వారం నుంచి గుడ్లు తగ్గుతూ వచ్చి, ఐదో వారం ముగిసేసరికి రోజుకు 248 దగ్గర ఆగాయి. పెంకులు పలచబడ్డాయి, సాయంత్రం గుడ్లు ఏరుతున్నప్పుడు వేళ్ల మధ్య నొక్కుకుపోయేవి రోజుకు పది పన్నెండు తగులుతున్నాయి. పిట్టల్లో జబ్బు లక్షణాలు లేవు, చావులూ లేవు. వెలుతురు, నీళ్లు, గూళ్లలో పిట్టల సంఖ్య ఏదీ మార్చలేదు. ప్రోటీన్ దాదాపు అంతే ఉన్నప్పుడు ఇంత తేడా ఎలా వచ్చింది? తవుడుదా తప్పు, నువ్వుల చెక్కదా? ఎండబెట్టిన కర్రపెండలం తొక్కలు కూడా దొరుకుతున్నాయి కనుక, వాటిని వేయవచ్చో లేదో కూడా చెప్పగలరు.


జవాబు: దాణాలెక్క

మీరు కట్టిన ప్రోటీన్ లెక్కలో తప్పు లేదు, కానీ పిట్టకు కావలసింది ఆ అంకె కాదు. ప్రోటీన్ శాతం అనేది అందులోని అమైనో ఆమ్లాలన్నిటినీ ఒకే మూటగా కట్టి తూచడం వంటిది. మూట బరువు తగ్గకుండానే లోపల ఉండవలసిన సరుకు తగ్గిపోవచ్చు. మీ దాణాలో తగ్గిన సరుకు లైసిన్ అనే అమైనో ఆమ్లం.

అంకెలు పెట్టి చూద్దాం. సోయా చెక్కలో లైసిన్ సుమారు 2.8 శాతం. నువ్వుల చెక్కలో 0.9 శాతం దాటదు. తవుడులో 0.55, మొక్కజొన్నలో 0.25 ఉంటాయి. ఈ లెక్కన మీ పాత దాణాలో లైసిన్ 1.08 శాతం ఉంటే, కొత్తదానిలో 0.86 మాత్రమే ఉంది. అమెరికాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1994లో ఇచ్చిన సిఫారసు ప్రకారం గుడ్లు పెట్టే జపనీస్ కౌజుకు 20 శాతం ప్రోటీన్, 1 శాతం లైసిన్, 0.45 శాతం మిథియోనిన్, రెండున్నర శాతం కాల్షియం, కిలో దాణాకు 2,900 కిలో కేలరీల శక్తి అందాలి. లైసిన్ విషయంలో మీరు పైగట్టు మీది నుంచి కిందిగట్టు మీదికి దిగారు. మొదటి రెండు వారాలు పిట్టలు తమ ఒంట్లో ఉన్నది కరిగించుకుని నెట్టుకొచ్చాయి, అందుకే మీకు తేడా ఆలస్యంగా కనిపించింది.

ఇందులో చిత్రమేమిటంటే, మిథియోనిన్ విషయంలో నువ్వుల చెక్క సోయా కంటే మెరుగైనది. సోయాలో అది 0.6 శాతం ఉంటే నువ్వుల చెక్కలో 1 శాతం దాకా ఉంటుంది. కాబట్టి మీరు 150 గ్రాముల మిథియోనిన్ కలిపే చోట ఈ కొత్త దాణాకు 70 గ్రాములు చాలు. దానికి బదులు మార్కెట్లో దొరికే లైసిన్ హైడ్రోక్లోరైడ్‌ను 100 కిలోలకు 190 గ్రాములు కలిపితే లోటు పూడుతుంది. ఆ పొడిలో అసలు లైసిన్ 78 శాతమే ఉంటుంది కనుక ఆ మేరకు లెక్క వేసి చెబుతున్నాను. నువ్వుల చెక్కను తీసేయవలసిన పని లేదని నా అభిప్రాయం.

నేను వాడిన శాతాలు సగటు విలువలని మరచిపోవద్దు. గానుగలో ఆడిన చెక్కకూ, నూనెను రసాయనంతో పూర్తిగా లాగేసిన చెక్కకూ ప్రోటీన్‌లో చాలా తేడా ఉంటుంది. ప్రతి కొత్త సరుకుకూ కనీసం ప్రోటీన్, పీచు, బూడిద పరీక్షలు చేయించుకోవడం మంచిది.


జవాబు: మిల్లుపక్కింటివాడు

లైసిన్ లెక్క సరైనదే. అయితే లైసిన్ లోటుతో గుడ్ల సంఖ్య తగ్గుతుంది, గుడ్డు చిన్నదవుతుంది. పెంకులు వేళ్ల మధ్య నొక్కుకుపోవడానికి మాత్రం కారణం వేరే ఉండాలి. నాకు తవుడు మీద అనుమానం. కౌజుగూడు గారూ, ఆ తవుడు ఆడించిన ఎన్నాళ్లకు మీ దగ్గరికి వస్తోంది? మీ దగ్గర ఎన్నాళ్లు నిల్వ ఉంటోంది? మీరు కొంటున్నది పచ్చి బియ్యం తవుడా, ఉప్పుడు బియ్యం తవుడా, నూనె తీసినదా?

ఎందుకు అడుగుతున్నానంటే, పచ్చి తవుడులో నూనె 12 నుంచి 18 శాతం దాకా ఉంటుంది. గింజ లోపల ఉన్నంతసేపు ఆ నూనె జోలికి ఏదీ పోదు. బియ్యం పాలిష్ పట్టిన క్షణం నుంచి తవుడులోనే ఉండే లైపేజ్ అనే ఎంజైము నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. ఉక్కగా, వేడిగా ఉన్న రోజుల్లో వారం తిరిగేసరికే పాత నూనె వాసన తెలిసిపోతుంది. అలా విడిపడిన కొవ్వు ఆమ్లాలు పిట్ట పేగులో కాల్షియంతో కలిసి సబ్బులా మారి రెట్టలో వెళ్లిపోతాయి. ఆ నూనె చెడే క్రమంలో దాణాలోని విటమిన్ ఏ, విటమిన్ ఇ కూడా దెబ్బతింటాయి. దీనికి తోడు తవుడులో భాస్వరం ఎక్కువగా ఉన్నా, అందులో అధికభాగం ఫైటేట్ రూపంలో ఉండి పిట్టకు అందదు సరికదా, కాల్షియాన్నీ జింకునూ తనతో కట్టివేసుకుంటుంది. నువ్వుల చెక్కలోనూ ఫైటేట్ ఉంది. పొట్టు తీయని నువ్వులదైతే ఆక్సలేట్ కూడా ఉంటుంది, అదీ కాల్షియాన్ని పట్టుకునేదే. మీరు సున్నపురాయి పొడి 6 కిలోలే ఉంచి, దాన్ని లాక్కునే మూడింటిని ఒకేసారి పెంచారు. పెంకు పలచబడక ఏమవుతుంది?

కౌజుకు ఇది కోడికంటే పెద్ద భారం. కోడిగుడ్డు కోడి బరువులో మూడు నాలుగు శాతం ఉంటుంది. 150 గ్రాముల కౌజు పెట్టే పది గ్రాముల గుడ్డు దాని బరువులో ఆరున్నర శాతానికి పైనే.

ఉప్పుడు బియ్యం తవుడులో ఈ ఎంజైము వడ్లు ఉడికినప్పుడే చచ్చిపోతుంది కనుక అది కొంచెం ఎక్కువ రోజులు నిలుస్తుంది. నూనె తీసిన తవుడైతే చెడే భయం తక్కువ, శక్తి కూడా తక్కువే. పచ్చి తవుడే వాడక తప్పదనుకుంటే మిల్లులో ఆడిన రోజే తెచ్చుకుని పెద్ద పెనం మీద ఆవిరి పోయేదాకా, చేతితో పట్టుకోలేనంత వేడెక్కేదాకా కలియబెట్టి, పలచగా పరిచి చల్లార్చి, నాలుగైదు రోజుల్లో ముగించండి. కుప్పగా పోసి చల్లార్చితే లోపల చెమ్మ పట్టి బూజుకు దారి తీస్తుంది.

ఇంకొక్క మాట. తవుడులో ఊక కలిసే ఉంటుంది. కొంత ఉండటం సహజమే కానీ, కావాలని కలిపేవారూ ఉన్నారు. గ్లాసు నీళ్లలో చెంచాడు తవుడు వేసి కలిపి వదిలితే ఊక ముక్కలు పైకి తేలతాయి. బొటనవేలితో నలిపితే గుచ్చుకుంటాయి. మెత్తగా రుబ్బి కలిపిన ఊకను మాత్రం చేతితో పట్టలేం. అది పరీక్షలో బూడిద ఎక్కువగా రావడం ద్వారానే బయటపడుతుంది, ఎందుకంటే ఊకలో ఇసుకను పోలిన సిలికా ఉంటుంది.

లైసిన్ పొడి కొనడానికి ముందు తవుడు సంగతి తేల్చుకోండి. చెడిన తవుడు మీద ఏ పొడి చల్లినా డబ్బు దండగ.


జవాబు: కౌజుగూడు

ఇద్దరికీ ధన్యవాదాలు. నేను కొంటున్నది పచ్చి తవుడే. ఇరవై రోజులకు సరిపడా ఒకేసారి తెచ్చి గోనె సంచుల్లో షెడ్డులోనే ఒక మూల పెడుతున్నాను. మీరు చెప్పాక అడుగు సంచి విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంటే నిజంగానే పాత నూనె వాసన వచ్చింది. రోజూ ఆ గదిలోనే తిరుగుతుండటం వల్ల కాబోలు, నా ముక్కుకు అది అలవాటైపోయింది. గ్లాసు పరీక్షలో పైన చాలా సన్నని ఊక పొరే తేలింది, కాబట్టి కల్తీ లేదనుకుంటున్నాను.

ఇంకో విషయం గమనించాను. పాత దాణా తొట్టిలో అడుగంటా అయిపోయేది. ఇప్పుడు సాయంత్రానికి తొట్టి మూలల్లో గోధుమరంగు పిండి అచ్చులా మిగులుతోంది. పిట్టలకు ఈ దాణా రుచించడం లేదనుకుని దాన్ని పారబోస్తున్నాను.


జవాబు: పదేళ్ల పెంపకం

ఆ మిగిలిన పిండిని పారబోసే ముందు ఒకసారి వేళ్లతో తీసి చూడండి. కౌజు ముక్కుతో ఏరుకుని తినే పిట్ట. మొక్కజొన్న నూక, సోయా రవ్వ కంటికి కనిపిస్తాయి కనుక వాటిని ముందు ఏరుకుంటుంది. సన్నని తవుడు, సున్నపురాయి పొడి, ప్రీమిక్స్, మిథియోనిన్ అన్నీ కిందికి జారి మూలకు చేరతాయి. మీరు సంచిలో 6 కిలోల సున్నం కలిపినా పిట్ట కడుపులోకి ఎంత వెళ్లిందో ఆ మూల చూసి చెప్పవచ్చు. పైవారిద్దరూ సంచిలో ఉన్న దాణాకు లెక్క కట్టారు. నేను తొట్టిలో ఉన్న దాణా గురించి అడుగుతున్నాను.

తవుడు వాటా పెరిగితే దాణాలో దుమ్ము పెరుగుతుంది. నేను రెండు పనులు చేస్తాను. నూనెను పొడి సరుకులన్నిటి మీదా చివర్లో చిలకరించి కలుపుతాను, అప్పుడు సన్నపొడి నూకలకు అంటుకుంటుంది. రెండోది, తొట్టిలో దాణాను మూడోవంతుకు మించి నింపకుండా, దానిపైన అర అంగుళం కన్నుల ఇనుప వల పరుస్తాను. పిట్ట మెడ విదిల్చి చిమ్మడం తగ్గుతుంది, కింది పొడి దాకా పొడుచుకుని తింటుంది. సాయంత్రానికి తొట్టి ఖాళీ అయ్యేటట్టు పోయడం, మిగిలినదాని మీద కొత్తది పోయకపోవడం కూడా అంతే ముఖ్యం. సున్నపురాయిలో సగం పొడిగా కాక, ఆవాలంత రవ్వగా ఉన్నది వాడండి. కౌజులు కోళ్లలా ఉదయం కాక, ఎక్కువగా మధ్యాహ్నం దాటాక, చీకటి పడేలోపు గుడ్డు పెడతాయి. తరువాతి గుడ్డుకు పెంకు కట్టే పని రాత్రంతా సాగుతుంది. మెత్తని పొడి కడుపులోంచి త్వరగా దాటిపోతుంది. రవ్వ కందనకాయలో నిలిచి రాత్రి కొద్దికొద్దిగా కరుగుతుంది. మీ విషయంలో సున్నపురాయి వాటాను కూడా 6 నుంచి ఆరున్నర కిలోలకు పెంచవచ్చు, అంతకు మించితే మేత తినడం తగ్గిస్తాయి.

ఇక లాభనష్టాల సంగతి. కిలో దాణా ఎంత చౌక అయిందని కాదు, ఒక గుడ్డుకు ఎంత దాణా పడుతోందని చూడాలి. మునుపు పిట్ట రోజుకు 25 గ్రాములు తిని నూటికి 80 గుడ్లు పెట్టింది, అంటే గుడ్డుకు 31 గ్రాములు. ఇప్పుడు అదే 25 గ్రాములు తిని 62 పెడుతోందనుకున్నా గుడ్డుకు 40 గ్రాములు పడుతోంది. శక్తి తక్కువైన దాణాను పిట్ట మరికాస్త ఎక్కువ తింటుంది కనుక 28 గ్రాములు వేసుకుంటే అది 45 గ్రాములు. మొదటి లెక్కన మీ కొత్త దాణా పాతదాని కంటే నూటికి 23 తక్కువకు, రెండో లెక్కన 31 తక్కువకు వస్తేనే మీరు ఎక్కడున్నారో అక్కడే ఉంటారు. పారబోసిన పిండి ఇందులో కలపలేదు.

ఒకేసారి 400 పిట్టలకూ మార్చడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఒక వరుసలో 40, పక్క వరుసలో 40 తీసుకుని, ఒకరికి పాతది, మరొకరికి కొత్తది పోసి, రెండు వైపులా మేత తూచి, గుడ్లు లెక్కపెట్టి నాలుగు వారాలు చూసి ఉంటే ఈ నష్టం పదోవంతే ఉండేది. మార్చేటప్పుడు కూడా వారంలో పావువంతు చొప్పున కలుపుకుంటూ పోవాలి.


జవాబు: దాణాలెక్క

తొట్టి మూలలో మిగిలే పిండి సంగతి నేను ఊహించలేదు. పైవారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నా 190 గ్రాముల లైసిన్ కూడా ఆ మూలకే చేరి ఉండేది.

కర్రపెండలం తొక్కల గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. ఎండిన కర్రపెండలంలో ప్రధానంగా ఉండేది పిండిపదార్థం. దుంపలో ప్రోటీన్ రెండు మూడు శాతమే, తొక్కలో కాస్త ఎక్కువ. కాబట్టి మొక్కజొన్నకు బదులు వేయాలే తప్ప చెక్కలకు బదులు కాదు. 10 కిలోల మొక్కజొన్నకు బదులు వేస్తే అర కిలోకు పైగా ప్రోటీన్ పోతుంది, దాన్ని వేరే చోట పూరించాలి. అసలు సమస్య సైనైడ్. దుంపలో కంటే తొక్కలో అది ఎక్కువ. పెద్ద ముక్కలుగా కోసి గబగబా ఎండబెడితే పైన ఎండి లోపలి విషం లోపలే ఉండిపోతుంది. తురిమి లేదా నలగ్గొట్టి, రెండు మూడు రోజులు కుప్పవేసి పులియనిచ్చి, ఆపైన పలచగా ఎండబెడితే ఎక్కువభాగం ఆవిరైపోతుంది. మిగిలిన కొద్దిపాటి సైనైడ్‌ను పిట్ట శరీరం గంధకం సాయంతో విరుస్తుంది, ఆ గంధకం మిథియోనిన్ నుంచే రావాలి. అంటే కర్రపెండలం వేసిన దాణాలో మిథియోనిన్‌ను తగ్గించకూడదు, కాస్త పెంచాలి. తొక్కలకు అంటుకున్న మట్టిని కడగకపోతే ఇసుకను కూడా మేపుతున్నట్టే. గుడ్లు పెట్టే పిట్టలకు నేనైతే 100 కిలోలలో 5 కిలోలు దాటనివ్వను. ఎవరు ఎండబెట్టారో, ఎలా ఎండబెట్టారో తెలియని తొక్కలైతే అసలు ముట్టను.

పిల్లలకు ఈ ప్రయోగాలు వద్దు. పొదిగి బయటపడిన రోజు ఏడెనిమిది గ్రాములుండే పిల్లకు 24 శాతం ప్రోటీన్, 1.3 శాతం లైసిన్ కావాలి. పీచు ఎక్కువైన మేత ఆ చిన్న పేగుకు బరువు. మొదటి మూడు వారాలు వాటికి మొక్కజొన్న, సోయాలే ఉంచండి.

చౌకగా ఎదురొచ్చే మరికొన్ని చెక్కల గురించి కూడా ఒక మాట. పత్తి గింజల చెక్కలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. నిల్వ ఉంచిన గుడ్డులో పచ్చసొన ఆకుపచ్చ, మట్టి రంగులకు తిరుగుతుంది. వేరుశనగ చెక్క పోషకంగా మంచిదే కానీ చెమ్మ తగిలితే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం చేరుతుంది, పరీక్ష లేకుండా వేయవద్దు. ఆముదపు చెక్కలో రైసిన్ అనే విషం ఉంది కనుక దాన్ని పొలానికే వదిలేయండి.


జవాబు: కౌజుగూడు

ఆరు వారాల తరువాత రాస్తున్నాను. ముందుగా 400 పిట్టలనూ వారంలో మెల్లగా పాత దాణాకు తెచ్చాను. పది రోజులకు పెంకులు గట్టిపడ్డాయి. గుడ్ల సంఖ్య పైకి రావడానికి మూడు వారాలు పట్టింది.

సంఖ్య కోలుకోవడం మొదలైన రెండో వారంలో, రెండు వరుసల్లో 40 చొప్పున పిట్టలను వేరుచేసి పరీక్ష పెట్టాను. కొత్త మిశ్రమంలో 45 కిలోల మొక్కజొన్న, 23 కిలోల సోయా, 12 కిలోల తవుడు, 10 కిలోల నువ్వుల చెక్క. దాణాలెక్క గారి పద్ధతిలో లెక్క కట్టి 120 గ్రాముల లైసిన్, 100 గ్రాముల మిథియోనిన్ కలిపాను. సున్నం ఆరున్నర కిలోలు, అందులో సగం రవ్వ. దానికి చోటు కోసం నూనెను కిలోకు తగ్గించాను. తవుడు ఆడిన రోజే తెచ్చి వేయించాను, నాలుగో రోజు దాటిన తవుడు ఏదీ వాడలేదు. తొట్టి మీద వల పరిచాక మూలల్లో పిండి మిగలడం ఆగిపోయింది. ఇది చూసే దాకా నేను పారబోసింది సున్నం, విటమిన్లు అని నమ్మబుద్ధి కాలేదు.

చివరి రెండు వారాల సగటు ఇది: పాత దాణా తిన్న 40 పిట్టలు రోజుకు 32 గుడ్లు, కొత్తది తిన్నవి 31 గుడ్లు. మేత 25 గ్రాములు, 26 గ్రాములు. గుడ్డుకు 31.25 గ్రాములు, 33.5 గ్రాములు అన్నమాట. అంటే కొత్త దాణా నూటికి 7 కంటే ఎక్కువ చౌకగా ఉంటేనే లాభం. నాకు అది సుమారు నూటికి 10 తక్కువకు పడుతోంది. అంటే ఇంత తంటాలు పడ్డాక గుడ్డు ఒక్కింటికి దాణా ఖర్చులో మిగిలేది నూటికి మూడున్నర. తవుడు వేయించే కట్టెల ఖర్చు, నా రెండు గంటల శ్రమ లెక్కలో వేయలేదు. కర్రపెండలం తొక్కల ఆలోచన మానుకున్నాను.

ఒక సందేహం మిగిలింది. కొత్త మిశ్రమం తిన్న పిట్టల గుడ్లలో పచ్చసొన కాస్త వెలసినట్టు కనిపిస్తోంది. ఇది లోపమా?


జవాబు: పదేళ్ల పెంపకం

లోపం కాదు. పచ్చసొన రంగు పసుపు మొక్కజొన్న నుంచి వస్తుంది, మీరు దాన్ని 52 నుంచి 45కు తగ్గించారు; తవుడులోనూ నువ్వుల చెక్కలోనూ ఆ రంగు లేదు. మునగాకును నీడలో ఎండబెట్టి పొడిచేసి 100 కిలోలకు 2 కిలోలు కలపండి, పది రోజుల్లో రంగు తేలుతుంది. ఎండలో ఎండబెడితే రంగు అక్కడే పోతుంది.

ఇక 31, 32 గుడ్ల తేడాను మరీ గట్టిగా పట్టుకోవద్దు. 40 పిట్టల్లో ఒకటి ఈకలు మార్చుకుంటున్నా ఆ తేడా వస్తుంది. వరుసలు తారుమారు చేసి, పాతది తిన్నవాటికి కొత్తది, కొత్తది తిన్నవాటికి పాతది పోసి ఇంకో నాలుగు వారాలు తూచి చూడండి. అప్పటిదాకా మిగిలిన 320 పిట్టల తొట్టి జోలికి పోకండి.